వంటింటి యంత్రాలు: వెలా, విలువా

వస్తువుకు వెల వేరు, విలువ వేరు. వెలను అంగడివాడు చీటీమీద వ్రాసి అంటిస్తాడు. విలువను మాత్రం కొన్నవారే కొంతకాలం వాడిన మీదట తెలుసుకోవలసి ఉంటుంది. ఈ రెండింటికీ మధ్యనున్న దూరం వంటింటి యంత్రాల విషయంలో కనబడినంత స్పష్టంగా మరెక్కడా కనబడదు. రోజూ రెండు పూటలా తిరిగే మిక్సీ రంగు వెలిసినా వంటగట్టు మీదనే ఉంటుంది. దానికి రెట్టింపు వెలపెట్టి తెచ్చిన మరొక యంత్రం అట్టపెట్టెతో సహా పైకి చేరి, పండుగకు బూజు దులిపే రోజున మాత్రమే దర్శనమిస్తుంది. అటకెక్కడం అనే పలుకుబడి మన భాషలో ఊరికే పుట్టలేదు.

హైదరాబాదులో ఈ విషయాన్ని విచారించడానికి అమీర్‌పేట, పంజాగుట్టల కంటె తగిన చోటు అరుదు. 2017 నవంబరులో నగరంలో మెట్రో రైలు మొదలైననాటి నుంచి అమీర్‌పేట రెండు మార్గాలు కలిసే కూడలి అయింది. అక్కడినుంచి ఖైరతాబాదు వైపు బయలుదేరితే తరువాతి స్టేషనే పంజాగుట్ట. ఈ కొద్దిపాటి దూరంలోనే అద్దాల గోడల వెనుక మిక్సీలూ, గ్రైండర్లూ, మైక్రోవేవులూ బారులు తీర్చి ఉంటవి. దసరా మొదలు దీపావళి దాకా పాతది ఇచ్చి కొత్తది పుచ్చుకొమ్మనే పిలుపులతో వీథి వీథంతా మోగుతుంది. మరొక వైపు మైత్రీవనం చుట్టుపట్ల కంప్యూటరు విద్య నేర్పే శిక్షణాలయాలు, వాటిని ఆశ్రయించి జిల్లాలనుంచి వచ్చిన యువతీ యువకులు, వారు తలదాచుకునే వసతిగృహాలు. ఆ సందుల వెనుక ఏనాటినుంచో కాపురాలు చేస్తున్న మధ్యతరగతి గృహస్థులు. అమ్మేవారూ, కొనగలవారూ, కొనలేనివారూ ఒక్క చోటనే ఉన్నారు. వీరందరి ముందూ ఉన్న ప్రశ్న ఒక్కటే: ఇంటి వంట చేసుకునేవారికి ఈ యంత్రాలు నిజంగా కొనదగినవేనా?

ఈ ప్రశ్నకు సాధారణంగా రెండు విధాల సమాధానాలు వినబడుతవి. యంత్రాలు వచ్చి వంటను చెడగొట్టినవనీ, రోటి పచ్చడి రుచి పోయిందనీ, ఒంటికి శ్రమలేక ఆడవారికి జబ్బులు వచ్చినవనీ కొందరంటారు. ఈ మాట అనేవారిలో రోకలి పట్టి ఎరిగినవారెందరో విచారించవలసి ఉన్నది. పరుల భుజాలమీద పెరిగిన రుచిని పొగడడం సులభం. ఇక రెండవ పక్షంవారికి కొత్తదల్లా అభ్యుదయమే. ఇరుగింటివారు కొన్నది తమ ఇంట లేకపోవడమే వారికి దారిద్ర్యం. కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్న సామెత వీరిని చూచి పుట్టిందే కాబోలు. ఈ ఉభయులూ యంత్రాన్ని చూస్తున్నారు గాని, దాని ఎదుట నిలుచున్న మనిషిని చూడడం లేదు.

ఆ మనిషిని చూడడానికి ముందు మన భాషను చూడడం మంచిది. వంటింటి పనికి తెలుగులో ఎన్ని క్రియాపదాలున్నవో ఉపాధ్యాయులు తరగతిలో ఒకనాడు నల్లబల్లమీద వ్రాయించి చూడవచ్చు. వడ్లు దంచుతాము. మసాలా నూరుతాము. మినప్పప్పు రుబ్బుతాము. కందులు విసురుతాము. బియ్యం చెరుగుతాము. పెరుగు చిలుకుతాము. ఉడికిన పప్పు ఎనుపుతాము. కొబ్బరి కోరుతాము. కూరలు తరుగుతాము. ఒక్కొక్క క్రియకు ఒక్కొక్క పరికరం: రోలూ రోకలీ, సన్నికల్లు, రుబ్బురోలూ పొత్రమూ, తిరగలి, చేట, కవ్వం, పప్పుగుత్తి, కోరాము, కత్తిపీట. ఆ తిరగలినే తెలంగాణంలో ఇసుర్రాయి అంటారు. ఒక్కొక్క పరికరానికి శరీరంలో ఒక్కొక్క చోట నొప్పి. రోకలి భుజాన్ని అడుగుతుంది, పొత్రం మణికట్టును అడుగుతుంది, తిరగలి నడుమును అడుగుతుంది. నేటి పిల్లలకు వీటిలో సగానికి పైగా "మిక్సీ వెయ్యడం" అనే ఒక్క మాటలో కలిసిపోయినవి. పదసంపద తరిగిందని భాషాభిమానులు విచారించవచ్చు. అది న్యాయమే. కాని భాషకు సంపద అయిన ఆ మాటలు ఒకరి ఒంటికి ప్రతిదినమూ పడిన బరువు అని కూడా మరువరాదు. జానపద వాఙ్మయంలో దంపుళ్ళ పాటలు ఉన్నవంటే, దంపుడు తియ్యనిది కాబట్టి కాదు. పాట లేనిదే ఆ పని సాగేది కాదు.

యంత్రం విలువ కట్టడానికి మొదటి కొలమానం ఇక్కడనే దొరుకుతున్నది. ఈ యంత్రం ఏ క్రియను ఒకరి ఒంటిమీదనుంచి దింపింది? ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు రావాలి. రాకపోతే, లేని అవసరాన్ని కల్పించి దానిని తీర్చడానికి వచ్చిన వస్తువు అది.

చరిత్ర చూస్తే ఈ కొలమానానికి చక్కగా నిలిచినవి కొన్నే కనబడుతవి. ఆవిరిని మూతకింద బంధించి వండే విద్యను డెనిస్ పాపెన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1679లో లండనులోని రాయల్ సొసైటీ పెద్దలముందు ప్రదర్శించాడు. గట్టి ఎముకలను సైతం అది మెత్తబరచింది. మూత పగిలిపోకుండా అధికమైన ఆవిరిని విడిచిపెట్టే రక్షణ కవాటాన్ని కూడా ఆయనే అమర్చాడు. అందులోని సూత్రం విద్యార్థులకు తెలిసినదే. మూత లేని గిన్నెలో నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతుంది, ఎంత మంట పెట్టినా అంతకు మించి వేడెక్కదు. కుక్కరులో వాతావరణ పీడనానికి తోడు చదరపు అంగుళానికి సుమారు 15 పౌన్ల పీడనం ఏర్పడి, నీరు దాదాపు 120 డిగ్రీల దాకా మరగదు. ఆ వేడికి కందిపప్పు త్వరగా లొంగుతుంది. మన దేశంలో 1959లో హాకిన్స్ కంపెనీ ఏర్పడింది. అనతికాలంలోనే కుక్కరు మధ్యతరగతి ఇంట పెళ్ళికూతురి సామానులో చేరింది. పప్పు ఉడకలేదన్న మాట ఆ ఇళ్ళనుంచి క్రమంగా మాయమయింది.

అంతకు ముందే కలకత్తాలో ఇందుమాధవ మల్లిక్ అనే వైద్యుడు 1910లో ఇక్మిక్ కుక్కరును రూపొందించాడు. ఒకదానిమీద ఒకటి పేర్చిన గిన్నెలు, అడుగున కాసిని బొగ్గులు. అన్నం, పప్పు, కూర ఒక్కసారిగా ఆవిరిమీద ఉడికేవి. ఇల్లు విడిచి పట్నంలో ఒంటరిగా ఉండేవారికి అది ఎంతో అనువైన పరికరం. నేడు అమీర్‌పేట గదిలో విద్యుత్ కుక్కరు పెట్టుకున్న విద్యార్థికి అది తాత వంటిది.

మన రోటిని కదిలించిన యంత్రాల కథ ఇంకా ముచ్చటయినది. విదేశాలనుంచి వచ్చిన మిక్సీలు పళ్ళ రసాలకూ, మెత్తని పిండికీ తయారైనవి. పసుపు కొమ్మూ, నానబెట్టిన పప్పూ వాటి తలరాతలో లేవు. 1960 దశకంలో బొంబాయిలో సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజనీరు ఇంట అట్టి విదేశీ మిక్సీ ఒకటి చెడిపోయింది. ఆయన భార్య మాధురికి కలిగిన ఆ ఇబ్బందిలోనుంచే, మన దినుసులను తట్టుకునే బలమైన మోటారుతో "సుమీత్" మిక్సీ పుట్టింది. రుబ్బురోలు పనిని మోటారుకు అప్పగించిన గ్రైండరుకు కోయంబత్తూరు ప్రసిద్ధి వహించింది. జపానులో 1955లో తోషిబా కంపెనీ అమ్మకానికి పెట్టిన విద్యుత్ అన్నపు కుక్కరు కథ కూడా ఇటువంటిదే. దానిని రూపొందించిన యోషితాడ మినామి భార్య ఫుమికో, రోజూ అన్నం వండి వండి, ఎంత నీటికి ఎంతసేపు పడుతుందో కొలిచి చూచింది. గిన్నెలో నీరున్నంత కాలం వేడి 100 డిగ్రీలు దాటదు, నీరు ఇంకగానే వేడి పైకి లేస్తుంది, ఆ మార్పుకు రెండు లోహాల పలక వంగి మీట దానంతటదే పడిపోతుంది. ఇంతటి సులువైన సూత్రం వెనుక ఒక ఇల్లాలి ఓపిక ఉన్నది.

ఈ కథల్లో ఒక పోలిక ఉన్నది. వంట చేసేవారి కష్టంనుంచి పుట్టిన యంత్రాలు నిలిచినవి. అంగడి లెక్కలనుంచి పుట్టినవి చాలా వరకు అటకెక్కినవి.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ ఎదురవుతుంది. దానిని దాటవేయడం న్యాయం కాదు. యంత్రాలు శ్రమను తగ్గించినవి సరే, కాలాన్ని మిగిల్చినవా? అమెరికా చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో "మోర్ వర్క్ ఫర్ మదర్" అనే గ్రంథం ప్రకటించింది. తల్లికి మరింత పని అని ఆ పేరుకు అర్థం. నిప్పు పొయ్యినుంచి మైక్రోవేవు దాకా ఇంటి యంత్రాల చరిత్ర శోధించి ఆమె తేల్చిన సారాంశం ఏమనగా, పూర్వం ఇంటిపనిలో పురుషులకూ, పిల్లలకూ, పనివారికీ ఉండిన భాగాన్ని యంత్రాలు తొలగించినవి. ఆ మీదట మిగిలిన పనంతా ఒక్క ఇల్లాలిపైనే పడింది. పైగా పని సులువయిన కొద్దీ కోరికలు పెరిగినవి. ఈ మాట మన ఇళ్ళకు వర్తించదని చెప్పగలమా? రుబ్బురోలు రోజుల్లో ఇడ్లీ పండుగ పలహారం. గ్రైండరు వచ్చిన తరువాత అది రోజువారీ ఫలహారమయింది. మిక్సీ లేనినాడు పచ్చడి ఒకటే. మిక్సీ వచ్చిన తరువాత "చిటికెలో అవుతుంది గదా" అని మూడు పచ్చళ్ళు అడుగుతారు. చిటికె వేసేది మాత్రం అడిగినవారు కారు.

భారత ప్రభుత్వం వారి కాలవినియోగ సర్వేల అంకెలు ఈ అనుమానాన్ని బలపరుస్తున్నవి. 2019లో, ఆరేళ్ళు పైబడి ఇంటిపనుల్లో పాల్గొన్న స్త్రీలు ప్రతిఫలం లేని ఆ పనులకు రోజుకు 299 నిమిషాలు వెచ్చించారు. పురుషులు వెచ్చించినది 97 నిమిషాలు. 2024 నాటికి స్త్రీల లెక్క 289 నిమిషాలకు దిగింది. పురుషులది 88కి దిగింది. అంటే ఐదేళ్ళలో స్త్రీలకు పది నిమిషాలు కలిసివచ్చినవి. అప్పటికే మూడవ వంతు పనిచేస్తున్న పురుషులకు కూడా తొమ్మిది నిమిషాలు కలిసివచ్చినవి! ఈ అంకెలు ఒక్క వంటకు సంబంధించినవి కావు. ఊడవడం, ఉతకడం మొదలైనవన్నీ వీటిలో ఉన్నవి. అయినప్పటికీ, యంత్రం కొన్నంత మాత్రాన ఇంటి న్యాయం మారదని గ్రహించడానికి ఇవి చాలును.

అందుచేత యంత్రం కొనేముందు వేసుకోవలసిన ప్రశ్నలు నాలుగున్నవని చెప్పవచ్చు.

మొదటిది: అది రోజూ చేసే పనికి వస్తుందా? ఇది విద్యార్థులు వేయగల లెక్క. మూడువేల రూపాయల మిక్సీని రోజుకు రెండుమార్లు చొప్పున ఐదేళ్ళు వాడితే 3,650 మార్లు వాడినట్లు. ఒక్కొక్క మారుకు పడేది రూపాయికి లోపు. ఆరువేల రూపాయల యంత్రాన్ని ఏడాదికి రెండుమార్లు చొప్పున ఐదేళ్ళు వాడితే పది మార్లే. ఒక్కొక్క మారుకు పడేది 600 రూపాయలు. దుకాణంలో రెండవది రెండింతలు ప్రియం. ఇంట్లో అది ఏడువందల రెట్లకు పైగా ప్రియం. విద్యుత్తు ఖర్చు కూడా ఇట్లే తేల్చవచ్చు. 750 వాట్ల మిక్సీ రోజుకు పది నిమిషాలు తిరిగితే నెలకు నాలుగు యూనిట్లు కూడా కావు. ఇంతటి చవక కూలికి రోజూ వచ్చే పనిమనిషి లోకంలో మరొకరు లేరు.

రెండవది: దానిని కడగడానికి పట్టే కాలం అది మిగిల్చే కాలంకంటె తక్కువేనా? అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. రెండు ఉల్లిపాయలు తరగడానికి ఏడు బిళ్ళల యంత్రాన్ని తీసి, బిగించి, విప్పి, సందుసందులా తోమి, ఆరబెట్టి, మళ్ళీ పెట్టెలో సర్దడం కంటె కత్తిపీట ముందు రెండు నిమిషాలు కూర్చోవడం సుఖం. వెల్లుల్లి ఒలిచేదీ, గుడ్డు చీల్చేదీ, రొట్టె ఒత్తి కాల్చేదీ అంటూ ఒక్క పనికి ఒక్క యంత్రం అమ్మేవారి బల్లముందు ఈ ప్రశ్న వేసుకుంటే, చాలా భాగం అక్కడనే వదిలిరావచ్చు. యాభైమందికి వండే ఇంట ఆ బిళ్ళల యంత్రమే వరమవుతుంది. దోషం యంత్రానిది కాదు, పిండికొద్దీ రొట్టె.

మూడవది: చెడితే బాగుచేసేవారు దగ్గరలో ఉన్నారా? కుక్కరు మూతలోని రబ్బరు చుట్టు, మిక్సీ అడుగున ఉండే కప్లరు, జారులోని బ్లేడు, మోటారులోని కార్బన్ బ్రష్షులు అరిగిపోయే వస్తువులు. ఇవి స్టీలు సామానుల దుకాణంలోనో, సందు మొగన ఉన్న మరమ్మతువాడి వద్దనో దొరికినంత కాలం ఆ యంత్రానికి ఆయుష్షు ఉన్నట్లు. మరలు విప్పడానికి వీలులేకుండా అతికించి అమ్మే యంత్రం ఒక్క చిన్న ముక్క అరిగినా మొత్తం చెత్తే. కొన్న వస్తువును బాగుచేయించుకొనే హక్కు వినియోగదారునికి ఉండాలనే ఉద్దేశంతో కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో ఒక వెబ్‌సైటు ప్రారంభించింది. అట్టి హక్కును గురించి ప్రభుత్వమే చెప్పవలసి వచ్చిందంటే వస్తువులు ఏ తీరున తయారవుతున్నవో ఊహించవచ్చు. దుకాణంలో రంగు చూచేవారు కొంచెం వంగి అడుగున మరలు ఉన్నవో లేవో కూడా చూడడం మంచిది.

నాలుగవది అన్నిటికంటె ముఖ్యమయినది: ఆ యంత్రం వంటింట్లోకి ఇంకొక మనిషిని రప్పిస్తుందా? కోవన్ చెప్పిన చిక్కుకు విరుగుడు ఈ ప్రశ్నలోనే ఉన్నది. రోటిముందు కూర్చోవడానికి సంకోచించే మగపిల్లవాడు మిక్సీ మీట నొక్కడానికి సంకోచించడు. అన్నం వార్చడం చేతగాని భర్తకు విద్యుత్ కుక్కరులో బియ్యం కడిగి పోయడం చేతనవుతుంది. యంత్రం పనిని సులువు చేయడమే గాక, "అది నాకు రాదు" అనే సాకును కూడా తీసివేస్తుంది. ఆ సాకు పోయిన ఇంట పది నిమిషాలు కాదు, పూటలకు పూటలే కలిసివస్తవి. సాకు నిలిచిన ఇంట ఎన్ని యంత్రాలు కొన్నా ఒక్కరికే చాకిరి.

ఈ నాలుగవ ప్రశ్నకు అమీర్‌పేటలోనే జవాబు దొరుకుతున్నది. శిక్షణకు వచ్చిన పిల్లలు ముగ్గురు నలుగురు కలిసి గది తీసుకున్నప్పుడు మొదట కొనే వస్తువు అన్నపు కుక్కరు. రెండవది కొనేలోగా వీథి చివర కర్రీ పాయింటు వారిని ఆదుకుంటుంది. ఇంట అన్నం, బయటినుంచి పొట్లాల్లో పప్పూ, కూరా, పులుసూ. ఈ ఏర్పాటును వెక్కిరించేవారున్నారు. కాని ఇందులో గొప్ప వివేకం ఉన్నది. ఏ పనిని యంత్రం సులభంగా చేస్తుందో దానిని ఇంట పెట్టుకున్నారు, ఏ పనికి చేయి తిరిగిన మనిషి కావాలో దానిని ఆ మనిషికే విడిచిపెట్టారు. ఈ గదుల్లో వంతులవారీగా అన్నం పెట్టుకున్న అబ్బాయిలు రేపు గృహస్థులయినప్పుడు ఆ అలవాటును మానుకోకుండా ఉండడమే కావలసినది.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం. ఇండక్షను పొయ్యి చవక అని కొని, గదిలోని ఏ ప్లగ్గుకు పడితే ఆ ప్లగ్గుకు తగిలించడం ప్రమాదం. 2,000 వాట్ల పొయ్యి 230 వోల్టుల వద్ద తీసుకునే విద్యుత్ ప్రవాహం దాదాపు 8.7 ఆంపియర్లు. మామూలు చిన్న ప్లగ్గు తట్టుకునేది 6 ఆంపియర్లు. తీగ వేడెక్కి ముప్పు రాకమానదు. దానికి 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గే ఉండాలి. భౌతికశాస్త్రం పాఠ్యపుస్తకంలో మార్కులకు మాత్రమే పనికివస్తుందనుకునే విద్యార్థికి, వసతిగృహాలవారు ఆ పొయ్యిలను ఎందుకు నిషేధిస్తారో ఈ ఒక్క భాగహారం చెబుతుంది.

కొనకుండా వాడుకునే యంత్రాన్ని గురించి కూడా చెప్పుకోవాలి. మన వంటింటిని మొట్టమొదట మార్చిన పెద్ద యంత్రం ఏ ఇంటిలోనూ లేదు. అది వీథిలో ఉన్నది. తెలంగాణంలో దానిని గిర్నీ అంటారు, కోస్తాలో పిండిమర అంటారు. డబ్బాతో బియ్యమో, జొన్నలో, ఎండుమిరపకాయలో పట్టుకుపోయి, కొద్దిపాటి కూలి ఇచ్చి పిండి పట్టించుకు రావడం ఎన్నో తరాల అలవాటు. తిరగలిని ఇంటింటినుంచి సాగనంపినది అదే. ఏడాదికి ఒకసారి కారం పట్టించుకోవడానికి ఎవరూ గిర్నీ కొనరు. ఈ నీతి తక్కిన యంత్రాలకు ఎందుకు వర్తించకూడదు? ఒకే మేడలో ఇరవై కాపురాలుండగా, ఏడాదికి రెండుమార్లు కేకు కాల్చే ఓవెన్లు ఇరవై ఎందుకు? జంతికల గొట్టం, బూరెల మూకుడు అడిగి పుచ్చుకోవడానికి నామోషీ పడని ఇరుగుపొరుగు, వెల ఎక్కువైన యంత్రం దగ్గర మాత్రం ఎందుకు వెనుదీయాలి? రోజూ కావలసినది కొనుక్కోవాలి, ఎప్పుడో కావలసినది పంచుకోవాలి.

కొత్త యంత్రాలను గురించి ఇంకొక సంగతి. పేరు మారినంత మాత్రాన పని మారదు. గాలితో వేపే యంత్రమని 2010లో ఫిలిప్స్ కంపెనీ లోకానికి పరిచయం చేసిన ఎయిర్ ఫ్రయరు నిజానికి వేడిగాలిని పంకాతో గట్టిగా తిప్పే చిన్న ఓవెను. నూనెలో వేగిన గారె రుచి దానిలో వస్తుందని ఆశపడేవారు నిరాశపడతారు. నూనె తగ్గించి దుంపముక్కలు కాల్చుకోదలచినవారు తృప్తిపడతారు. 1947లో అమ్మకానికి వచ్చినప్పుడు మనిషంత ఎత్తున, మూడువందల కిలోలకు పైగా తూగిన మైక్రోవేవు ఓవెను నేడు గట్టుమీద ఒదిగి కూర్చున్నది. వంటకు గాక, చల్లారిన కూరను వెచ్చబెట్టడానికే మన ఇళ్ళలో ఎక్కువగా పనికివస్తున్నది. రాత్రి ఆలస్యంగా ఇల్లు చేరేవారున్న ఇంట ఆ ఒక్క ఉపయోగమే చాలవచ్చు. చేసే పనిని దాని అసలు పేరుతో పిలిచి చూస్తే సగం భ్రమలు తొలగుతవి.

రుచిని గురించిన వాదం మిగిలింది. రోటిలో దంచిన పచ్చడికీ, మిక్సీలో వేసిన పచ్చడికీ తేడా ఉన్నమాట నిజం. రోకలి నలుపుతుంది, బ్లేడు నరుకుతుంది. నలిగిన ఆకు తన నూనెను ఒక విధంగా విడుస్తుంది, నరికిన ఆకు మరొక విధంగా విడుస్తుంది. పైగా బ్లేడు వేగానికి పుట్టే వేడి కొన్ని సువాసనలను హరిస్తుంది. ఇడ్లీపిండికి మిక్సీకంటె రాతి గ్రైండరు మేలని అంటారంటే అందుకు కారణం కూడా ఈ వేడే. ఈ రుచిని కాపాడుకోదలచినవారికి దారి మూసి లేదు. గోంగూర రోజునో, మామిడికాయ తొక్కు రోజునో చిన్న రోలు ముందుకు వేసుకొని, ఆ రుచిని ఎక్కువగా పొగిడేవారే రోకలి పుచ్చుకోవచ్చు. రుచిమీద మమకారం, రోకలి బరువు ఒకే చేతిలో ఉన్నప్పుడు ఆ వాదానికి ఎంతో గౌరవం వస్తుంది.

పొగను గురించి ఎవరూ ఇట్లా వాదించరు. కట్టెలపొయ్యి వంట రుచిగా ఉండేదని తలచుకుంటారే గాని, గొట్టం పట్టి ఊదడానికి ఎవరూ తిరిగి వెళ్ళరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో వచ్చిన దీపం పథకమూ, 2016లో దేశమంతటా మొదలైన ఉజ్జ్వల పథకమూ పేద ఇళ్ళకు గ్యాసు పొయ్యిని చేర్చబూనినవి. అంటే ఒక వంటింటి పరికరం విలువను ప్రభుత్వాలు కూడా గుర్తించినవన్నమాట. ఆ విలువ కంటికి తగిలే పొగ తగ్గడంలో ఉన్నది, కట్టెలు ఏరుకునే వేళ మిగలడంలో ఉన్నది. ఆ మిగిలిన వేళలో ఒక ఆడపిల్ల బడికి సకాలంలో చేరగలిగితే, ఆ పొయ్యి వెలను ఏ అంగడివాడూ కట్టలేడు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. ఈ సంగతిని ఉపన్యాసంగా చెప్పనక్కరలేదు. ఒక వారంపాటు ఇంట్లో ఎవరు ఏ వంటపని ఎన్ని నిమిషాలు చేశారో విద్యార్థులచేత వ్రాయించి తెప్పించండి. దంచడం, నూరడం, రుబ్బడం, తరగడం, తోమడం అని విడివిడిగా గళ్ళు గీయించండి. భాషాపాఠమూ, లెక్కల పాఠమూ ఒక్కసారే అవుతవి. వారాంతాన ఆ కాగితాన్ని ఇంట్లో అందరూ కూర్చుని చూస్తే, ఆ ఇంటికి ఏ యంత్రం కావాలో పంజాగుట్ట అద్దాల దుకాణంలో అమ్మకందారు చెప్పవలసిన పని ఉండదు. కొన్ని ఇళ్ళకు మంచి మిక్సీ కావలసి ఉంటుంది. కొన్ని ఇళ్ళకు పదునైన కత్తిపీట చాలును. ఇంకా చాలా ఇళ్ళలో, ఒకే పేరుకింద గళ్ళన్నీ నిండి, తక్కిన పేర్ల కింద ఖాళీగా ఉంటవి. అట్టి ఇంటికి కావలసిన వస్తువు ఏ దుకాణంలోనూ అమ్మరు. అది ఆ ఇంట్లోనే, భోజనానికి పిలిచేవరకు మరొక గదిలో కూర్చుని ఉన్నది.